ఎలుకలు కొరికిన కారు

ఈ ఉదయం గూడూరులో మేముండే అపార్ట్‌మెంటు కింద, పక్క వాటా ఆయన కారు బానెట్ ఎత్తి నిలబడి ఉన్నారు. నేను బడికి బయలుదేరుతూ స్కూటీ బయటికి తీస్తున్నాను. ఆ బానెట్ లోంచి ఒక వాసన వచ్చింది. వేడెక్కిన ఇంజను నూనె వాసన, దాని అడుగున ఎలుక ఉచ్చ ఘాటు, ఆ రెండింటి మధ్య కొరికి పడేసిన ప్లాస్టిక్కు కంపు. "ఎలుకలండీ. ఊరెళ్ళి వచ్చేసరికి వైర్లన్నీ తినేశాయి" అన్నారాయన, దగ్గరివాళ్ళెవరో చేసిన ద్రోహం గురించి చెబుతున్నట్టు. నేనూ ఏదో అన్నాను. చిల్లకూరు దాటి మా బడి గేటు దాకా వెళ్ళినా ఆ వాసన ముక్కును వదల్లేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ నా కళ్ళ ముందు పిల్లలు లేరు. ఇసుకలో నిలబడ్డ ఒక పాత తెల్లకారు, దాని ముందు మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి చూస్తున్న ఒక పొట్టి మనిషి ఉన్నారు. ఆవిడ పేరు వసుంధర. నా మొదటి హెడ్మిస్ట్రెస్. నాకు పాఠం చెప్పడం నేర్పింది వేరేవాళ్ళు. బడిలో మనిషిగా ఎలా నిలబడాలో నేర్పింది మాత్రం ఆవిడే. అయితే అది సంతోషంగా నేర్చుకున్న విషయం కాదు.

నాకు మొదటి పోస్టింగు బోగోలు మండలంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాళెంలో వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. అక్కడ అందరూ చేపలు పట్టి బతికేవాళ్ళు. నేను కావలిలో గది అద్దెకు తీసుకున్నాను కానీ, ఆ పాళేనికి రోజూ ఎలా వెళ్ళాలో తెలియదు. మొదటిరోజు బోగోలు సెంటర్లో బస్సు దిగి ఆటో కోసం చూస్తుంటే ఒక తెల్లకారు వచ్చి ఆగింది. లోపల సీటు మీద దిండు వేసుకుని, స్టీరింగు మీదుగా తలెత్తి చూస్తున్న ఒకావిడ అద్దం దించారు.

"కొత్తగా వేసిన టీచరువి నువ్వేనా?"

"అవునండీ."

"ఎక్కు. ఆటో కోసం నిలబడితే మధ్యాహ్నం అన్నాల గంటకు చేరతావు."

వెనక సీట్లో లెక్కల మాస్టారు రవణయ్య గారు అప్పటికే టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ రోజు నుంచి మేము ముగ్గురం ఆ కారులోనే వెళ్ళాం, వచ్చాం. ఆ కారు వసుంధర గారి భర్తది. ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారట. అమ్మకుండా, యాభై దాటిన వయసులో ఆవిడే నడపడం నేర్చుకున్నారు. ఎందుకమ్మలేదని ఒకసారి అడిగితే, "బస్సుల్లో నిలబడే ఓపిక లేక" అన్నారు. ఆవిడ ఏ సంగతైనా అలాగే చెప్పేవారు, పెద్ద కారణాలు తగిలించకుండా. కుడి మోకాలు అరిగిపోయింది. బ్రేకు తొక్కినప్పుడల్లా "అమ్మా" అనేవారు. మొదట్లో ఆ మాట వినపడ్డప్పుడల్లా నేను కంగారుపడేదాన్ని. తర్వాత అది ఇంజను చప్పుడులో కలిసిపోయింది.

ఆవిడ మంచి హెడ్మిస్ట్రెస్ అని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. గొంతు విసుగ్గా ఉండేది. పాఠాల కంటే ఫోటోలు తీసి ఫోనులో ఎక్కించే పని ఎక్కువైపోయిన రోజులవి. సముద్రపు ఒడ్డున సిగ్నలు దొరక్క, ఆవిడ ఫోను పైకెత్తి పట్టుకుని బడి ఆవరణంతా తిరుగుతూ, "కూరలో కోడిగుడ్డు ఉందని దీనికి రుజువు కావాలంట, తిన్న పిల్లలు చెబితే చాలదంట" అని గొణుక్కునేవారు. సాయంత్రం కారెక్కాక బోగోలు వచ్చేదాకా మాట్లాడేవారు కాదు. నేనేమైనా అడిగితే, "రోజంతా మాట్లాడి వస్తా ఉండాం గదా పద్మా, కాసేపు రోడ్డును చూద్దాం" అనేవారు.

ఆ కారుకు ఎలుకల బెడద మొదలైంది నేను చేరిన ఏడాదే. బడి చుట్టూ ఇసుక. నీడంటూ ఉన్నది వంటగది పక్కనే. అందుకని కారు అక్కడే పెట్టేవాళ్ళం. వంటగదిలో బియ్యం మూటలు, గోడ అవతల ఎండబెట్టిన చేపలు, వీటన్నింటికీ వచ్చిన ఎలుకలకు వెచ్చగా ఉన్న ఇంజను నచ్చింది. ఒక సాయంత్రం హెడ్‌లైట్లు వెలగలేదు. ఇంకోసారి హారన్ మోగలేదు. మరోసారి ఏసీ లోంచి చచ్చిన ఎలుక కంపు. కావలిలో మెకానిక్కు బానెట్ ఎత్తి, చీలికలైన వైర్లు పైకి తీసి చూపించి, "ఇప్పుడొచ్చే వైర్ల తొడుగు వాటికి రుచిగా ఉంటాదంట మేడం" అన్నాడు. "రుచి చూడమని నేను పిలిచినానా?" అన్నారు వసుంధర గారు.

ఎవరు ఏ ఉపాయం చెబితే అది చేశాం. నాఫ్తలిన్ ఉండలు గుడ్డలో కట్టి వేలాడదీశాం. పొగాకు కాడలు పెట్టాం. ఎవరో చెప్పారని రవణయ్య గారు ఒకరోజు ఇంజను చుట్టూ కారప్పొడి చల్లారు. మర్నాడు పొద్దున కారు కదిలి, ఇంజను వేడెక్కి, బిట్రగుంట దాటేసరికి ఆ ఘాటు లోపలికి కొట్టింది. అద్దాలు దించినా పోలేదు. ముగ్గురం తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ళనీళ్ళు కారుతుండగా బడి ముందు దిగాం. మమ్మల్ని చూసి పిల్లలు బిగుసుకుపోయారు. వంట చేసే గోవిందమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఎవురు పోయినారు మేడమ్మా?" అని అడిగింది, తన కళ్ళల్లో అప్పుడే నీళ్ళు తెచ్చుకుని.

"మా రవణయ్య సారు తెలివి పోయింది" అన్నారు వసుంధర గారు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. గోవిందమ్మ విషయం తెలుసుకుని నేల మీద కూలబడి నవ్వింది. వసుంధర గారు పగలబడి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

విషం పెట్టడం మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. చిన్నపిల్లలు తిరిగే చోటు, కోళ్ళు తిరిగే చోటు, పక్కనే అన్నం వండే చోటు. "కారు బాగుచేసుకోవచ్చు" అని ఊరుకున్నారు. దాంతో గోవిందమ్మ ఆ పని తన మీద వేసుకుంది. పొయ్యిలోకి తెచ్చుకున్న పుల్లతో మధ్యమధ్య వచ్చి బానెట్ మీద టపటపా కొట్టేది. "పోండే! మా మేడమ్మ కారు తప్ప మీకు ఊళ్ళో ఇంకేం దొరకలేదా?" అని ఎలుకలతో మాట్లాడేది. గోవిందమ్మ భర్త సముద్రంలోనే పోయాడు. ఒక్కతే కూతురు, మంగ. అదే పాళెంలో పెళ్ళి చేసింది. ఇంతసేపూ పొయ్యి ముందు నిలబడి, ఇంటికి వెళ్ళి మళ్ళీ వలలు బాగుచేసేది. అలసట అనే మాట ఆమె నోట వినలేదు. ఆ మాట మా కోసం వదిలేసినట్టుండేది.

అది వేసవి సెలవులకు ముందు. ఒంటిపూట బడులు. పిల్లలు అన్నాలు తినేసి వెళ్ళిపోయారు. మేము గదులకు తాళాలు వేస్తున్నాం. వంటగదిలో గిన్నె పడ్డ చప్పుడైంది. గిన్నె పడటం మామూలే. కానీ తర్వాత గోవిందమ్మ తిట్టు వినపడలేదు. వెళ్ళి చూస్తే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. చెయ్యి ఛాతీ మీద. "ఏం లేదు మేడమ్మా, వేడి" అంది. పెదవులు అప్పటికే నల్లబడుతున్నాయి.

నేనూ రవణయ్య గారూ ఆమెను మోసుకెళ్ళి వెనక సీట్లో పడుకోబెట్టాం. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. వసుంధర గారు తాళం తిప్పారు. ఇంజను గురగురమంది. అందుకోలేదు. మళ్ళీ తిప్పారు. గురగురమంది, ఆగిపోయింది. ఆవిడ దిగి బానెట్ ఎత్తారు. రవణయ్య గారు అటు పరిగెత్తి, "తెగినాయి మేడం, ఇక్కడ తెగినాయి" అంటూ ఏవో రెండు కొసలు కలిపి పట్టుకున్నారు. ఆవిడ మళ్ళీ తిప్పారు. పాళెంలో ఉన్న ఆటోలు పొద్దున్నే చేపలతో మార్కెట్టుకు వెళ్ళాయి. మగవాళ్ళు చాలామంది సముద్రం మీద ఉన్నారు. అంబులెన్సుకు ఫోను చేస్తే బయలుదేరుతున్నామన్నారు, కానీ అది రావలసిన దూరం మాకు తెలుసు. ఎవరో పరిగెత్తి మంగను పిలుచుకొచ్చారు. ఆ పిల్ల చంటిబిడ్డను ఎవరి చేతిలోనో పెట్టేసి వచ్చి, కారు వెనక చేతులు ఆనించి నెట్టడం మొదలుపెట్టింది. అందరం నెట్టాం. ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. కారు నాలుగడుగులు కదిలి ఆగింది.

చివరికి ఐసు దించడానికి వచ్చిన చిన్న ట్రక్కు ఒకటి దొరికింది. తడి గోనె సంచుల మీద గోవిందమ్మను పడుకోబెట్టి ఎక్కించాం. మంగ పక్కన కూర్చుంది. వసుంధర గారు ఆ మోకాలితోనే ట్రక్కు వెనక ఎక్కారు. ఎలా ఎక్కారో నాకిప్పటికీ తెలియదు. హైవే ఎక్కకముందే గోవిందమ్మ పోయింది. ఎదురొచ్చిన అంబులెన్సులో వాళ్ళు చూసి చెప్పారు.

కర్మకాండ అయ్యేలోపు ఒకరోజు మేము ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళాం. కారు మెకానిక్కు దగ్గర ఉంది. బోగోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఇంటి ముందు తాటాకు పందిరి కింద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి మంగ లేచి నిలబడింది. అరవలేదు. ఎదురుగా వచ్చి, వసుంధర గారి మొహంలోకి చూస్తూ చాలా మెల్లిగా అడిగింది.

"రోజూ మా అమ్మ వండిన కూడు తిన్నారు గదా మేడం. ఆ ఒక్కనాడు మీ కారు కదల్లేదా?"

రవణయ్య గారు గొంతు సవరించుకుని, "అది కాదమ్మా, ఎలుకలు వైర్లు కొరికి..." అని మొదలుపెట్టారు. వసుంధర గారు ఆయన చేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"అవును మంగా" అన్నారు. "కదల్లేదు. కదిలుంటే అమ్మ బతికేది. నాదే తప్పు."

అప్పుడు అరిచింది మంగ. ఆ పిల్ల నోట ఏమేం వచ్చాయో అవన్నీ రాయడం మర్యాద కాదు. ఇంకో కారు కొనుక్కోలేనంత పిసినారి అని, మా అమ్మ ప్రాణం మీకు లెక్కలేదని, అదే మీ ఇంట్లోవాళ్ళకైతే ఇలా చేసేవారా అని. వసుంధర గారు తలవంచుకోలేదు, ఏడవలేదు, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఆ కాళ్ళ మీదే, ఎండలో, ఆ పిల్ల ఆపేదాకా నిలబడ్డారు. చివరికి ముసలావిడ ఒకామె లేచి మంగను లోపలికి తీసుకుపోయింది.

తిరుగు ఆటోలో రవణయ్య గారు ఉండబట్టలేకపోయారు. "మీది తప్పెట్టా అవుతాది మేడం? రేపు ఇదే మాట ఊరంతా పట్టుకుంటాది. మీరే ఒప్పుకున్నారంటారు."

"అంటారు."

"మరెందుకు అన్నట్టు? జరిగింది చెప్తే సరిపోయేది గదా."

ఆవిడ బయటికి చూశారు. రోడ్డు పక్కన రొయ్యల గుంటల్లో, గాలి ఆడటానికి పెట్టిన చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. "ఎలుకలంటే ఆ పిల్ల పోయి ఎవురినడుగుద్ది సార్?" అన్నారు. "అడిగేదానికి ఒక మనిషి కావాల. ఎవురూ లేకపోతే ఆ కోపం దాని లోపలే ఉండిపోద్ది. నేనుండాను గదా ఎదురుగా, అరవనీ." నుదురు నొక్కుకుంటూ, "నన్ను ఇంకేం అడక్కండి, తల నొప్పిగా ఉంది" అన్నారు.

రవణయ్య గారు చెప్పినట్టే జరిగింది. హెడ్మిస్ట్రెస్ కారు వల్లే గోవిందమ్మ చచ్చిపోయిందని పాళెంలో అనుకున్నారు. పిల్లలను దింపడానికి వచ్చే ఆడవాళ్ళు ఆవిడతో మాట్లాడటం తగ్గించారు. సెలవుల తర్వాత వంటపనికి ఎవరిని పెట్టాలన్నప్పుడు, పేరెంట్స్ కమిటీలో వసుంధర గారు మంగ పేరు చెప్పారు. మంగ మొగుడి సంపాదన అంతంతమాత్రం. ఆ పిల్ల వద్దనలేకపోయింది. వచ్చి పని మొదలుపెట్టింది. పిల్లలతో మాట్లాడేది, నాతో మాట్లాడేది, రవణయ్య గారితో వేళాకోళం కూడా చేసేది. వసుంధర గారితో ఒక్క మాట లేదు. మధ్యాహ్నం ఆవిడ పళ్ళెం తెచ్చి, టేబులు మీద పెట్టి, పైన మూతేసి వెళ్ళిపోయేది. ఆవిడ రోజూ మూత తీసి తినేవారు.

నాకు కోపం వచ్చేది. "కనీసం మొహం కూడా చూడదు. మీరైనా ఒకసారి పిలిచి మాట్లాడండి మేడం" అన్నాను ఒకరోజు.

"మాట్లాడకపోతే ఏం? పప్పులో ఉప్పు సరిగ్గా వేస్తా ఉంది. అది చాలు" అన్నారు. అది వెటకారం కాదు. నిజంగా అదే చాలని ఆవిడ అనుకున్నట్టు నాకనిపించింది. అంతకంటే ఎక్కువ కోరుకోవడానికి కావలసిన ఓపిక అప్పటికి ఆవిడ దగ్గర లేదేమో కూడా.

కారు నీడలో పెట్టడం మానేశారు. బడికి దూరంగా, గేటు దగ్గర, నడి ఎండలో పెట్టేవారు. సాయంత్రం స్టీరింగు పట్టుకుంటే చెయ్యి కాలేది. తడి తువాలు చుట్టుకుని నడిపేవారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే, మళ్ళీ అన్నాల గంట కొట్టగానే, ఇసుకలో మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళి, బానెట్ ఎత్తి చూసి, కారు స్టార్టు చేసి, కాసేపు ఉంచి, ఆపి వచ్చేవారు. వానలో గొడుగు పట్టుకుని వెళ్ళేవారు. జ్వరంతో వచ్చిన రోజున కూడా వెళ్ళారు. నేను తోడు వెళ్ళి బానెట్ కింద కడ్డీ నిలబెట్టేదాన్ని. "మేడం బండికి జొరం చూస్తా ఉండారు" అని పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ కారు మళ్ళీ ఎవరి ప్రాణానికైనా అవసరం పడిందా అంటే, పడలేదు. అయినా ఆవిడ చూడటం మానలేదు. అందులో పట్టుదలగానీ పశ్చాత్తాపంగానీ కనిపించేది కాదు. అంట్లు తోమినట్టు, గుమ్మం ఊడ్చినట్టు చేసేవారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. బడిలో ఉండగానే రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. కారు అక్కడే వదిలేసి ఊళ్ళో వాళ్ళ ట్రాక్టరు మీద బోగోలు చేరాం. వానలు తగ్గి, సెలవులు అయ్యి, మళ్ళీ బడికి వెళ్ళేసరికి కారు చుట్టూ ఇసుక మేట వేసి ఉంది. వసుంధర గారు బానెట్ ఎత్తారు. ఎత్తి, అలాగే చేత్తో పట్టుకుని ఉండిపోయారు.

ఇంజను మీద ఒక గూడు ఉంది. ఆకుపచ్చ వల నూలు, నీలం వల నూలు, పిల్లల పరీక్ష కాగితాల చించిన ముక్కలు, బానెట్ లోపలి దూది, అన్నీ కలిపి గుండ్రంగా అల్లినట్టు ఉంది. దాని నడుమ కళ్ళు తెరవని ఎలుకపిల్లలు, గులాబి రంగులో, ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. తల్లి మమ్మల్ని చూసి దూకి పారిపోయింది.

"నా వల్ల కాదు పద్మా" అన్నారు వసుంధర గారు. "వీటిని ఏం చెయ్యమన్నా నా వల్ల కాదు."

నా వల్లా కాలేదు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. మా వెనక ఎప్పుడొచ్చిందో, మంగ చేటతో వచ్చి నిలబడి ఉంది. మమ్మల్ని తప్పుకోమనలేదు. ఇద్దరి మధ్యా దూరి, రెండు చేతులతో ఆ గూడును చెదరకుండా ఎత్తి, చేటలో పెట్టుకుని, సర్కారు తుమ్మ పొదల వైపు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు చేట ఖాళీగా ఉంది. అక్కడ కాకులు దిగుతున్నాయి. చేట కింద పెట్టి, మళ్ళీ వచ్చి, ఇంజనులోకి తొంగి చూసింది. గూడు ఉన్నచోట వైర్లు తెగి వేలాడుతున్నాయి. వాటిలో ఒక కొసను వేలితో పైకి తీసింది. తొడుగు పోయి లోపలి రాగి కనపడుతోంది.

"ఇంతేనా మేడం?" అంది. నెలల తర్వాత ఆవిడతో అన్న మొదటి మాట. "ఇంత దారమంత దానికేనా?"

"ఇంతే మంగా" అన్నారు వసుంధర గారు.

మంగ ఆ కొసను వదల్లేదు. బొటనవేలితో దాన్ని రుద్దుతూ ఉండిపోయింది. తర్వాత కారు చక్రం పక్కన తడి ఇసుకలో కూలబడి ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా ఆ పిల్ల అలా ఏడవలేదు. అప్పుడు మనుషులు చుట్టూ ఉన్నారు. వసుంధర గారు మోకాలు వంగక ఎప్పుడూ కింద కూర్చునేవారు కాదు. బంపరు పట్టుకుని, "అమ్మా" అంటూ, మెల్లిగా దిగి ఆ ఇసుకలోనే ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. వంటగదిలో పొయ్యి మీద అన్నం పొంగుతుంటే నేను వెళ్ళి మంట తగ్గించాను. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. ఆ రోజు పిల్లలకు భోజనాలు ఆలస్యమయ్యాయి.

ఆ తర్వాత అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. మంగ మాట్లాడటం మొదలుపెట్టింది, అవసరం మేరకు. "మేడం, నూనె అయిపోయింది." "మేడం, కోడిగుడ్లు రాలేదు." పళ్ళెం మీద మూత పెట్టడం మాత్రం మానేసింది. పళ్ళెం తెచ్చి ఎదురుగా నిలబడి, ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగేది. పాళెంలో కొంతమంది చివరిదాకా ఆవిడను క్షమించలేదు. రిటైరైన రోజు సన్మానానికి ఊళ్ళోవాళ్ళు కొంతమందే వచ్చారు. శాలువా కప్పించుకుని, ఫోటోలు దిగి, ఆవిడ కారులో కావలి వెళ్ళిపోయారు. ఆ కారును తర్వాత పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేశారని విన్నాను.

రిటైరయ్యాక నాయుడుపేటలో చెల్లెలి ఇంటికి చేరారు. నేను గూడూరుకు బదిలీ అయి వచ్చాక ఒకసారి వెళ్ళి చూశాను. మోకాలికి ఆపరేషను చేయించుకుని మంచం మీద ఉన్నారు. బాగా చిక్కిపోయారు. హైవే మీద లారీల హోరు ఆగకుండా వినపడుతోంది. అవీ ఇవీ మాట్లాడాక, చాలా ఏళ్ళుగా నా మనసులో ఉన్న మాట అడిగాను.

"ఆ రోజు మంగతో నాదే తప్పు అన్నారు గదా మేడం. ఆ పిల్ల కోసం అన్నారా, నిజంగా అలాగే అనుకున్నారా?"

ఆవిడ దుప్పటి అంచును వేళ్ళతో మడుస్తూ ఉన్నారు.

"కొన్నాళ్ళు అనుకుంటాను, కొన్నాళ్ళు అనుకోను" అన్నారు. "ఆ కారు నీడలో పెట్టకుండా ఉంటే అనుకుంటాను. విషం పెట్టనిచ్చుంటే అనుకుంటాను. మళ్ళా, నేనేం చేసినాను, ఎలుకల్ని నేను పెంచినానా అనుకుంటాను. ఒకటే తెలుసు పద్మా నాకు. ఆ రెండో మాట నాలో నేను అనుకోవచ్చు. మంగ ముందర అనకూడదు."

"ఊరంతా మిమ్మల్ని అన్నది గదా."

"అన్నది. బరువే. మోసినాను. ఇంకేం చేస్తాం, బడి నడవాల గదా" అని కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేస్తుంటే, "మంగకు రెండో కాన్పు ఆడబిడ్డంట, తెలుసా? ఫోను చేసింది" అన్నారు కళ్ళు తెరవకుండానే. అదే నేను ఆవిడను చివరిసారి చూడటం. ఆ వర్షాకాలంలో జ్వరం వచ్చి పోయారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పాళెం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వెళ్ళారని చెల్లెలు చెప్పింది. ఒకామె చంకలో బిడ్డ ఉందట. గిన్నెలన్నీ తోమిపెట్టి వెళ్ళిందట.

ఇప్పుడు నేనే ఒక బడికి హెడ్మిస్ట్రెస్‌ని. ఆవిడ గొంతులో ఉండే విసుగు నా గొంతులోకీ వచ్చిందని మా టీచర్లు అనుకుంటున్నారని తెలుసు. ఆవిడకున్నంత నిబ్బరం నాకు లేదు. అదొక గొప్ప గుణమని కూడా నేను చెప్పను, ఎందుకంటే దాని ఖరీదేమిటో దగ్గర నుంచి చూశాను. కానీ ఒకటి మాత్రం నాకు అబ్బింది, ఇష్టమున్నా లేకున్నా. పోయిన నెలలో మా బడి మరుగుదొడ్డి రేకు తలుపు ఊడిపడి మూడో తరగతి పాపకు చెయ్యి తెగింది. కుట్లు పడ్డాయి. ఆ తలుపు బాగుచేయించమని నేను పైవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలుసు. మర్నాడు పొద్దున పాప తండ్రి వచ్చాడు. పొలం నుంచి నేరుగా వచ్చాడు, కాళ్ళకు బురద అలాగే ఉంది. గదిలోకి వస్తూనే, పిల్లలందరూ వినేలా, మీకు మా పిల్లలంటే లెక్కలేదా అని అరిచాడు. నేను చెప్పవలసినదంతా నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరికి చెప్పాను, ఎప్పుడు చెప్పాను, వాళ్ళేమన్నారు, అన్నీ. మా సైన్సు టీచరు నా పక్కన నిలబడి, అవి చెప్పండి అన్నట్టు నా వైపు చూస్తోంది.

"అవునన్నా" అన్నాను. "బిడ్డకు దెబ్బ తగిలింది నా బడిలోనే. తప్పు నాదే."

అతను ఇంకా గట్టిగా అరిచాడు. చాలాసేపు అరిచాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకు ఎంతో అలసటగా ఉంది. లోపల ఏ మూలో, నేనేం చేశానని అన్న మాట కొట్టుకుంటూనే ఉంది. దాన్ని అక్కడే ఉంచాను. అతను మధ్యలో ఒకచోట ఆగిపోయాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అన్నాడు.